ఏడాదికి అంగుళం పెరగాల్సిన బల్ల

మన ఇళ్లలో భోజనాల బల్ల ఎత్తు ఇంచుమించు 30 అంగుళాలు. దాని పక్కన వేసే కుర్చీ 18 అంగుళాలు. ఈ రెండూ 160 సెంటీమీటర్లు దాటిన మనిషికి కుదిరే కొలతలు. మూడో తరగతి చదివే పిల్లను కూడా అక్కడే కూర్చోబెట్టి హోంవర్కు రాయమంటాం. పది నిమిషాలు గడవకముందే ఆ పిల్ల కుర్చీలో మోకాళ్లు ముడిచి, మడమల మీదికి ఎక్కి కూర్చుంటుంది. సరిగ్గా కూర్చోమని మనం కసురుకుంటాం. కానీ పిల్ల చేసుకున్న సర్దుబాటే సరైనది. బల్ల కిందికి దిగదు కాబట్టి తనే పైకి లేచింది.

ఎంత లేవాల్సి వస్తోందో లెక్క చూద్దాం. బడి కుర్చీలు, బల్లల కొలతలకు ఐరోపాలో ఈఎన్ 1729 అనే ప్రమాణం ఉంది. పిల్లల ఎత్తును బట్టి అది సైజులు విడగొడుతుంది. 108 నుంచి 121 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లలకు కుర్చీ 31 సెంటీమీటర్లు, బల్ల 53. 119 నుంచి 142 వరకు కుర్చీ 35, బల్ల 59. 133 నుంచి 159 వరకు కుర్చీ 38, బల్ల 64. 146 నుంచి 176 వరకు కుర్చీ 43, బల్ల 71. ఎనిమిదేళ్ల పిల్లల ఎత్తు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల్లో నడిమి లెక్కన 127 సెంటీమీటర్లు. అంటే ఆ వయసుకు కావలసిన బల్ల 59 సెంటీమీటర్లు. భోజనాల బల్లేమో 76. తేడా 17 సెంటీమీటర్లు, దాదాపు ఏడు అంగుళాలు. పుస్తకం కళ్లకు దగ్గరగా వచ్చేస్తుంది, భుజాలు చెవులవైపు లేస్తాయి, పాదాలు గాల్లో వేలాడతాయి.

ఇంట్లోనే ఒక చిన్న రాతబల్ల చేసుకోవాలనుకునే వాళ్లు చాలామంది చెక్క ఏది, ఖర్చెంత అన్న దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే మొదలుపెట్టాల్సింది పిల్ల ఎత్తుతో. ఎందుకంటే ఆ అంకె ఒక చోట నిలవదు. ఆరేళ్లప్పుడు అబ్బాయి నడిమి ఎత్తు 116 సెంటీమీటర్లు, పన్నెండేళ్లకు 149. అమ్మాయికైతే 115 నుంచి 151. సగటున ఏడాదికి ఐదున్నర, ఆరు సెంటీమీటర్లు. పైన చెప్పిన సైజుల్లో బల్ల ఎత్తు పిల్ల ఎత్తులో నూటికి 44 వంతుల చుట్టూ తిరుగుతుంది. ఆరు సెంటీమీటర్లలో 44 వంతులు తీస్తే రెండున్నర సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. పిల్ల చదువుకునే బల్ల ఏడాదికి ఒక అంగుళం చొప్పున పెరగాలన్న మాట. ఈ ఒక్క లెక్కను వదిలేసి చేసిన బల్ల ఎంత నునుపుగా ఉన్నా రెండేళ్లకు పొట్టిదైపోతుంది. లేదా మొదటి రెండేళ్లూ పొడుగైపోతుంది.

మీ పిల్ల పట్టికలో నడిమి పిల్ల కాకపోవచ్చు, కాబట్టి టేపు తీసి కొలవండి. పాదాలు పూర్తిగా నేలకు ఆని, తొడలు నేలకు సమంగా ఉండేలా ఏదైనా పీట మీద కూర్చోబెట్టండి. పీట పొట్టిదైతే మీద పాత పుస్తకాలు పేర్చండి, ఎత్తైతే పాదాల కింద పెట్టండి. భుజాలు వదులుగా వేలాడనిచ్చి మోచేయి మడవమనండి. పాదం ఆనిన చోటు నుంచి మోచేతి కిందిదాకా ఎంత వచ్చిందో దానికి ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లు కలిపితే అదే బల్ల ఎత్తు. మోకాలి వెనక మడత నుంచి పాదం దాకా కొలిస్తే కుర్చీ ఎత్తు.

ఇక్కడ ఒక విషయం నన్ను బాగా ఆకట్టుకుంది. ఆ నాలుగు సైజుల్లో బల్ల ఎత్తులోంచి కుర్చీ ఎత్తు తీసేసి చూడండి: 22, 24, 26, 28. బల్ల ఒకటో తరగతి నుంచి పదో తరగతికి 18 సెంటీమీటర్లు పెరగాలి. కానీ కూర్చున్న చోటు నుంచి బల్ల పైభాగం దాకా ఉండే దూరం పెరిగేది ఆరు సెంటీమీటర్లే. మిగతా పన్నెండూ కాళ్ల పెరుగుదల. అంటే బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చుని చదివే పిల్లకు కాళ్ల పొడవుతో పనే లేదు. పది అంగుళాల ఎత్తున ఒక నేలబల్ల చేసి పెడితే అది ఆరేళ్ల పిల్లకు కాస్త ఎత్తుగా, పద్నాలుగేళ్ల పిల్లకు కాస్త తక్కువగా ఉంటుంది. మధ్యలో అన్నేళ్లూ చక్కగా సరిపోతుంది. చిన్నతనంలో కింద ఒక మడత దుప్పటి వేస్తే తేడా తీరిపోతుంది. చాప పరుచుకుని చదివే ఇల్లు మీదైతే, గది చిన్నదైతే, మీకు కావలసింది ఒక పలక, రెండు పక్క చెక్కలు, ఆ రెండింటినీ కలిపే ఒక అడ్డపట్టీ. పలక 75 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు. మోకాళ్లు కిందికి దూరాలి కాబట్టి పక్క చెక్కల మధ్య ఖాళీ 65కు తగ్గకూడదు. రాయడం అయ్యాక నిలబెట్టి గోడకు చేర్చేయొచ్చు. ఇంత సులువైన, ఇంత తెలివైన వస్తువును మనం పాతకాలం సామానని వదిలేసుకున్నాం.

కుర్చీ బల్లే కావాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, బల్లను 71 సెంటీమీటర్లకే చేసి, కుర్చీని దిండుతో లేపి, పాదాల కింద పీట వేయడం. ఎనిమిదేళ్ల పిల్లకు కుర్చీ 47కు లేవాలి, పాదాల పీట 12 సెంటీమీటర్లు ఉండాలి. పని తక్కువ. కానీ పిల్లలు రోజూ ఎక్కి దిగుతారు, పీట పక్కకు జరుగుతుంది, దిండు జారుతుంది. పదేళ్లు దాటిన పిల్లకైతే సరే. అంతకంటే చిన్నవాళ్లకు రెండో దారే మంచిది. కాళ్లను రెండు ముక్కలుగా చేసి, బోల్టులు మార్చుకుంటూ లేపుకోవడం.

అలాంటి బల్ల ఒకటి ఇలా ఉంటుంది. పై పలక 900 మిల్లీమీటర్ల పొడవు, 550 వెడల్పు, 18 మందం. కింద నాలుగు కాళ్లు, ఒక్కోటీ 420 మిల్లీమీటర్లు, రెండంగుళాల చదరం చెక్క. చిత్రిక పట్టాక అది 45 మిల్లీమీటర్లకు దిగుతుంది. కుడివైపు రెండు కాళ్లనూ, ఎడమవైపు రెండు కాళ్లనూ పైనా కిందా అడ్డపట్టీలతో బిగిస్తే రెండు చట్రాలు వస్తాయి. వెనకవైపు నాలుగంగుళాల వెడల్పు పట్టీ ఆ రెంటినీ కలుపుతుంది. పలక కింద నాలుగు నిలువు పట్టీలు వేలాడతాయి. ఒక్కోటీ 430 మిల్లీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 20 మందం. ఇవి కాళ్ల బయటి ముఖానికి ఆనుకుని పైకీ కిందికీ జరుగుతాయి. పలక దగ్గర వీటిని పక్కలా వెనకా 70 మిల్లీమీటర్ల పట్టీలు పట్టి ఉంచుతాయి. ముందువైపు మాత్రం ఏ పట్టీ వద్దు.

ఎందుకు వద్దంటే, ఎనిమిదేళ్ల పిల్లకు కుర్చీకీ బల్లకూ మధ్య 24 సెంటీమీటర్లే ఉందని చూశాం. పలక మందం దాదాపు రెండు తీసేస్తే 22. తొడ మందం పదో పదకొండో. మిగిలిన పదకొండు సెంటీమీటర్లలోనే పిల్ల కాలు మీద కాలు వేసుకోవాలి, కుర్చీ ముందుకు లాక్కోవాలి. అక్కడ పది సెంటీమీటర్ల సొరుగు పెట్టామంటే తొడకు ఒక్క సెంటీమీటరు దక్కుతుంది. దుకాణాల్లో కనిపించే పిల్లల బల్లలకు ముందు సొరుగు అందంగానే ఉంటుంది. కానీ ఆ సొరుగు కోసమే బల్లను పైకి లేపాల్సి వస్తుంది. పెన్సిళ్లకు ఒక డబ్బా చాలు. సొరుగు తప్పనిసరైతే పక్కకు పెట్టండి, మోకాళ్ల మీద వద్దు.

బోల్టు రంధ్రాల దగ్గర మాత్రం నిదానం కావాలి. కాలికి రెండు రంధ్రాలు: నేల నుంచి 290 మిల్లీమీటర్ల దగ్గర ఒకటి, 390 దగ్గర ఒకటి. నిలువు పట్టీకి పన్నెండు: కింది చివర నుంచి 28 మిల్లీమీటర్ల దగ్గర మొదటిది, అక్కడి నుంచి 25కు ఒకటి చొప్పున. కాలి రంధ్రాల మధ్య దూరం 100 కాబట్టి, అది నాలుగు పాతికలు కాబట్టి, పట్టీని ఎక్కడ నిలిపినా రెండు బోల్టులూ కుదురుతాయి. అలా ఎనిమిది ఎత్తులు వస్తాయి. అన్నిటికంటే కింద 535 మిల్లీమీటర్లు, అన్నిటికంటే పైన 710. ఒక్కో మెట్టు 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం. ఒకటో తరగతి పిల్ల పదో తరగతి దాటేదాకా అదే బల్ల.

నాలుగు పట్టీలకు పన్నెండేసి, మొత్తం 48 రంధ్రాలు. వీటిని విడివిడిగా కొలిచి వేయకండి. నాలుగు పట్టీలనూ పక్కపక్కన పేర్చి, చివరలు ఒక్క తీరుగా కలిపి, క్లాంపుతో బిగించండి. మూలమట్టం పెట్టి నాలుగింటి మీదుగా ఒకే గీత గీయండి. మొదటి గీత నుంచి ప్రతి గీతనూ కొలవండి. పక్క గీత నుంచి కొలుచుకుంటూ పోతే అర మిల్లీమీటరు తప్పు పన్నెండో గీతకు చేరేసరికి ఐదు మిల్లీమీటర్లు దాటుతుంది. గీతల మీద మధ్య గుర్తు పెట్టి, ముందు 3 మిల్లీమీటర్ల బిట్‌తో, తరువాత 8.5 బిట్‌తో తొలవండి. కింద ఒక వృథా చెక్క పెడితే అవతలివైపు పేళ్లు లేవవు. బోల్టు 8 మిల్లీమీటర్ల లావు, 80 పొడవు. కాలు 45, పట్టీ 20, రెండు వాషర్లు 3, నట్టు ఆరున్నర కలిపితే 74.5, కాబట్టి 80 చాలు. గుండు తల లోపలివైపు, మోకాలు తగిలే చోట ఉండాలి. నట్టు బయటివైపు. పలక అంచు ఇటూ అటూ 20 మిల్లీమీటర్లు బయటికి ఉంటుంది కాబట్టి నట్టు దాని నీడలోనే ఉండిపోతుంది, దుస్తులకు తగలదు.

కాలి చట్రాల అతుకులకు ఓపిక ఉంటే ఉలితో రంధ్రం కొట్టి, పట్టీ చివరను దాంట్లోకి దిగ్గొట్టే పాత పద్ధతే గట్టిది. చేయి తిరగకపోతే ఫెవికాల్ రాసి, అతుకుకు రెండేసి స్క్రూలు బిగించండి. స్క్రూ పొడవులో మూడింట రెండు వంతులు రెండో చెక్కలో ఉండాలి. ముందు 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయకుండా టేకులోకి స్క్రూ తిప్పితే చెక్క పగులుతుంది. చట్రం మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి ఎదురెదురు మూలలు కొలవండి. వెడల్పు 450, ఎత్తు 420 ఉన్న చట్రానికి రెండు కర్ణాలూ 615 దగ్గర సమానంగా రావాలి. తేడా ఉంటే జిగురు ఆరకముందే పొడుగు కర్ణాన్ని నొక్కి సరిచేయాలి. ఆరడానికి 24 గంటలు వదిలేయండి.

చట్రం వెడల్పు 450 అన్న మాట ఊరికే అనలేదు. పలక 550 కదా, ముందూ వెనకా 50 చొప్పున బయటికి వస్తుంది. పాతిక కిలోల పిల్ల ముందు అంచు మీద బరువంతా వేసి వాలితే బల్ల బోర్లా పడుతుందా? బల్ల బరువు సుమారు 16 కిలోలు, ఆ బరువు ముందు కాళ్ల అంచుకు 225 మిల్లీమీటర్ల వెనక ఉంటుంది: 16ను 225తో గుణిస్తే 3600. పిల్ల వైపు 25ను 50తో గుణిస్తే 1250. దాదాపు మూడింతల భద్రత. అదే చట్రాన్ని 350కి కుదిస్తే అటు 2800, ఇటు 2500. పిల్ల కాస్త ఊగిందంటే చాలు, బల్ల పడుతుంది. పిల్లల సామాను చేసేటప్పుడు ఈ గుణకారం తప్పక చేయండి.

పలక మందం 18 ఎందుకు, 12 చాలదా అని ప్లైవుడ్ కొట్లో సందేహం వస్తుంది. ధర తక్కువ కదా అనిపిస్తుంది. పలక వంగకుండా నిలిచే బలం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 12 నుంచి 18కి మందం ఒకటిన్నర రెట్లయితే బలం మూడు రెట్లు దాటుతుంది. నడిమధ్య 20 కిలోల పుస్తకాలు పెడితే మన బల్లలో 18 పలక ఒకటిన్నర మిల్లీమీటర్లు వంగుతుంది, 12 పలక ఐదు దాకా వంగుతుంది. ఐదంటే రాసేటప్పుడు చేతికి తెలిసిపోతుంది. పొడవుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఇద్దరు పిల్లలకు కలిపి ఒకటిన్నర రెట్ల పొడుగు బల్ల చేస్తే మందం కూడా ఒకటిన్నర రెట్లు పెంచాలి, లేదా మధ్యలో ఇంకో ఆధారం ఇవ్వాలి.

ప్లైవుడ్ 8 అడుగులకు 4 అడుగుల షీటుగా వస్తుంది: 2440కి 1220 మిల్లీమీటర్లు, 32 చదరపుటడుగులు. మన పలకకు పట్టేది దాదాపు ఐదున్నర. ఒక్క బల్ల కోసం షీటు కొంటే నూటికి 80 వంతులు మూలన పడుంటుంది. అదే షీటులో ఇలాంటి పలకలు నాలుగు తేలిగ్గా వస్తాయి, ఇంకా రెండడుగుల ముక్క అల్మరా అరలకు మిగులుతుంది. అపార్టుమెంటులో నాలుగు ఇళ్లవాళ్లు కలిస్తే ఒక షీటు చాలు. లేదా ఇంటీరియర్ పనులు చేసే వర్క్‌షాపుల్లో మిగులు ముక్కలు అడగండి. గ్రేడు విషయంలో ఐఎస్ 303 గుర్తు ఉన్నది చదువుకునే గదికి సరిపోతుంది. 72 గంటలు నీళ్లలో మరిగించే పరీక్షకు నిలిచే ఐఎస్ 710 రకం వంటింటి సింకు కింద పనికొస్తుంది, ఇక్కడ దానికి డబ్బు పోయనక్కరలేదు. పార్టికల్ బోర్డు జోలికి మాత్రం వెళ్లకండి. ఏటేటా బోల్టులు విప్పి బిగించే పనికి అది తట్టుకోదు.

పలకను టేకుతోనే చేస్తామనే వాళ్లున్నారు. చేయొచ్చు, కానీ చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. వేసవికీ వానాకాలానికీ మధ్య చెక్కలో తేమ నాలుగు శాతం మారితే 550 మిల్లీమీటర్ల టేకు పలక నాలుగు మిల్లీమీటర్ల వరకు సాగుతుంది. ఆషాఢంలో తలుపులు బిగుసుకునేది ఇందుకే. అలాంటి పలకను గట్టిగా స్క్రూలతో బంధిస్తే మే నెలలో పగులుతుంది. స్క్రూ రంధ్రాలను అడ్డంగా కాస్త సాగదీసి వేస్తే కదలడానికి చోటు దొరుకుతుంది. పొడవు దిశలో చెక్క కదలిక లెక్కలోకి రాదు, కాబట్టి కాళ్లకు ఈ బాధ లేదు. పలక ప్లైవుడ్‌తో, కాళ్లు చెక్కతో అన్నది నా మాట.

కాళ్లకూ పట్టీలకూ కలిపి పట్టే చెక్క 950 ఘనపుటంగుళాలు. ఘనపుటడుగుకు 1728 ఘనపుటంగుళాలు కాబట్టి అర అడుగు దాటుతుంది. కోతలో, చిత్రికలో పోయేది కలిపి ముప్పావు అడుగు కొనాలి. డిపోలో అడుగు ధర ఎంత చెప్పినా దాన్ని ముప్పావుతో గుణిస్తే మీ కలప ఖర్చు. కొత్త టేకు కంటే పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే ద్వారబంధాలు నాకు ఇష్టం. ఏళ్ల తరబడి ఆరిన చెక్క అది, ఇక వంకర పోదు. నాలుగంగుళాలకు మూడంగుళాల బంధం, రెండు నిలువులు ఏడేసి అడుగులు, పైది మూడు, కలిపి 17 అడుగులు. లెక్క కడితే 1.4 ఘనపుటడుగులు. ఒక్క ద్వారబంధంలో దాదాపు రెండు బల్లల కాళ్లు దాగి ఉన్నాయి. కోతకు పంపే ముందు అయస్కాంతంతో తడిమి మేకులు తీసేయండి. రంపం పళ్లు విరిగితే మిల్లువాళ్లు ఊరుకోరు.

నునుపు పనికి 80, 120, 220 నంబర్ల గరుకు కాగితం వరసగా పట్టాలి. పలక మూలలకు పది రూపాయల బిళ్ల పెట్టి గీత గీసి గుండ్రం చేయండి. 27 మిల్లీమీటర్ల బిళ్ల సరిగ్గా కుదురుతుంది. ఆ మూల పిల్లలకు తగులుతూ ఉంటుంది, అందుకే దాన్ని పదునుగా వదలకూడదు. ప్లైవుడ్ అంచులకు టేకు బీడింగ్ అతికించాలి, చుట్టుకొలత 2900 మిల్లీమీటర్లు, పది అడుగులు కొంటే సరి. రంగు వేస్తే డబ్బా మీద సీసం సంగతి చదవండి. మన దేశంలో 2016 నియమాల ప్రకారం ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదు. అటకమీద పడున్న పాత డబ్బాల రంగు పిల్లల బల్లకు వాడొద్దు. కాళ్ల అడుగున రెండు పూతలు ఎక్కువ వేసి రబ్బరు బుష్‌లు తొడగండి. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ తిరిగేది అక్కడే, చెదలు మొదలయ్యేదీ అక్కడే.

ఏటా జూన్‌లో బడి తెరిచేటప్పుడు పిల్లను మళ్లీ పీట మీద కూర్చోబెట్టి మోచేయి కొలవండి. అంగుళం తేడా వస్తే ఇద్దరు కలిసి బల్లను వెల్లకిలా తిప్పి, ఎనిమిది బోల్టులూ తీసి, ఒక రంధ్రం జరిపి బిగించండి. అంగుళం రాకపోతే అలాగే వదిలేయండి. బిగించాక ఎదురెదురు మూలల మీద నొక్కి ఊగుతోందేమో చూడండి. వారం తరువాత నట్లు ఇంకోసారి తిప్పాలి, వాషర్ల కింద చెక్క కొంచెం నలుగుతుంది కాబట్టి అవి వదులవుతాయి.